హైదరాబాదు బేకరీలు, ఇరానీ హోటళ్ళు

తెలంగాణ రాజధాని హైదరాబాదులోను, దాని జంట నగరమైన సికింద్రాబాదులోను రొట్టె, బిస్కట్లు, కేకులు కాల్చి అమ్మే బేకరీలు, వాటిని ఆనుకొని చాయ్, అల్పాహారం అందించే ఇరానీ హోటళ్ళు చాలా వీధులలో కనిపిస్తాయి. ఇక్కడ "హోటల్" అంటే బస చేసే చోటు కాదు. నాలుగు బల్లలు, ముందు ఒక గల్లా, వెనుక ఒక చాయ్ పొయ్యి ఉన్న దుకాణం. పరీక్షలకు, ఉద్యోగపు ఇంటర్వ్యూలకు, ఆసుపత్రి పనులకు జిల్లాల నుండి నగరానికి వచ్చేవారు తక్కువ ఖర్చుతో ఆకలి తీర్చుకొనేది ఎక్కువగా ఇటువంటి చోట్లనే. అయితే అన్ని దుకాణాలూ ఒకటి కావు. ఒకే పేరుతో పది బోర్డులు కనిపించే ఈ నగరంలో మంచి బేకరీని గుర్తించడానికి బోర్డు మీది పేరు కంటే, అక్కడి సరుకు ఎప్పుడు బట్టీ నుండి దిగుతుందో, ఎంతసేపట్లో అమ్ముడుపోతుందో తెలుసుకోవడం ఎక్కువ ఉపయోగం.

చరిత్ర

దక్కను ప్రజలకు జొన్న రొట్టె, సజ్జ రొట్టె అనాదిగా తెలిసినవే. పులిసిన గోధుమ పిండిని మూసిన పొయ్యిలో కాల్చే పద్ధతి మాత్రం ఈ నగరానికి రెండు దారులలో వచ్చిందని చెప్పవచ్చును.

మొదటిది తందూరు దారి. పాతబస్తీలోని పురానీ హవేలీ సమీపాన 1851లో ప్రారంభమైనట్లు చెప్పబడే మున్షీ నాన్ దుకాణం దీనికి పేరుపొందిన ఉదాహరణ. నిజాము కొలువులో మున్షీగా, అనగా గుమాస్తాగా, పనిచేసిన ఒక వ్యక్తి దీనిని స్థాపించినందున ఆ పేరు వచ్చింది. ఇక్కడి నాన్ గుండ్రంగా కాక నాలుగు మూలలతో ఉంటుంది. దీనిని "చార్ కోనీ నాన్" అంటారు. తందూరు గోడకు చదరపు ముక్కలను ఒకదాని పక్కన ఒకటి అంటిస్తే మధ్యలో ఖాళీ మిగలదు, కాబట్టి ఒక్క వాయికి ఎక్కువ నాన్‌లు దిగుతాయి.

రెండవది కంటోన్మెంటు దారి. మూడవ నిజాము సికందర్ జా పేరు మీద 1806లో సికింద్రాబాదు ఏర్పడింది. అక్కడ విడిది చేసిన ఆంగ్ల సైన్యానికి, వారి వెంట వచ్చిన కుటుంబాలకు, తరువాత ఆంగ్లో ఇండియన్లకు అచ్చులో కాల్చిన రొట్టె, కేకు నిత్యావసరాలు. క్రిస్మస్ నాటి ప్లమ్ కేకు నేటికీ సికింద్రాబాదు బేకరీలలో ప్రత్యేకంగా తయారవుతుంది. పొంగి రెట్టింపు అవుతుంది కాబట్టి స్థానికులు బ్రెడ్డును "డబల్ రోటీ" అన్నారు. దానిని నేతిలో వేయించి పాలు, పంచదార పాకంలో నానబెట్టి చేసే పెళ్ళి విందు మిఠాయి "డబల్ కా మీఠా". పరాయి రొట్టెను నగరం ఎంత త్వరగా సొంతం చేసుకున్నదో ఈ ఒక్క మాట వలన తెలుస్తుంది.

ఈ రెండు దారులు కలిసిన చోట ఇరానీ హోటల్ నిలిచింది. పందొమ్మిదవ శతాబ్దం చివరి భాగంలోను, ఇరవయ్యవ శతాబ్దం తొలి భాగంలోను ఇరాన్‌లోని యజ్ద్, కెర్మాన్ ప్రాంతాల నుండి బ్రతుకుతెరువు వెతుక్కుంటూ కొన్ని కుటుంబాలు ముంబాయికి వచ్చాయి. అక్కడి నుండి కొందరు పూనా, హైదరాబాదులకు తరలి చాయ్ దుకాణాలు తెరిచారు. ఇవి ఎక్కువగా నాలుగు రోడ్ల కూడలిలో, మూల మీద ఉంటాయి. వీధిపోటు, వీధిశూల భయంతో స్థానిక వర్తకులు మూల స్థలాలను వదిలేసేవారని, ఆ నమ్మకం లేని ఇరానీలు వాటిని తక్కువ అద్దెకు తీసుకున్నారని ప్రతీతి. రెండు వీధుల నుండి మనుషులు లోపలికి రాగలగడం వ్యాపారానికి ఎంత కలిసివచ్చిందో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆబిడ్స్‌లోని గ్రాండ్ హోటల్ 1935లో ప్రారంభమైనది. అదే ఆబిడ్స్‌లో ఒకప్పుడు ఉండిన ఓరియంట్ హోటల్ కవులకు, చిత్రకారులకు, రాజకీయ కార్యకర్తలకు కూడలి స్థలం. ఉర్దూ కవి, కమ్యూనిస్టు నాయకుడు మఖ్దూం మొహియుద్దీన్ (1908-1969) అక్కడి నిత్య అతిథులలో ఒకరు. ఆ హోటల్ నేడు లేదు.

దేశ విభజన మరొక పాయను తెచ్చింది. సింధు ప్రాంతం నుండి శరణార్థిగా వచ్చిన ఖాన్‌చంద్ రామ్నాని 1953లో మొజంజాహీ మార్కెట్టు వద్ద కరాచీ బేకరీని స్థాపించారు. విడిచి వచ్చిన ఊరి పేరును దుకాణానికి పెట్టుకున్నారు. ఈ పేరు కారణంగా 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి తరువాత బెంగుళూరు శాఖ ముందు నిరసన జరగగా, అక్కడి వారు బోర్డుపై "కరాచీ" అన్న పదాన్ని కప్పివేయవలసి వచ్చింది. 2025 మే నెలలో విశాఖపట్నం, హైదరాబాదులలోనూ ఇటువంటి నిరసనలే జరిగాయి. పేరు కరాచీదే గాని, ఆ బేకరీ అచ్చంగా హైదరాబాదుది. ఈ విషయం విద్యార్థులు తెలుసుకోదగినది.

ఇరానీ చాయ్

ఇంట్లో కాచే టీకి, ఇరానీ చాయ్‌కి ఉన్న తేడా పొడిలో కాదు, పద్ధతిలో ఉన్నది. ఇంట్లో పాలు, నీళ్ళు, పొడి కలిపి ఒకే గిన్నెలో మరిగిస్తాము. ఇరానీ హోటల్‌లో రెండు పాత్రలు ఉంటాయి. ఒకదానిలో నీరు, టీ పొడి, పంచదార వేసి మూత పెట్టి, ఆవిరి బయటకు పోకుండా గుడ్డతో బిగించి సన్నని సెగ మీద చాలాసేపు ఉంచుతారు. ఇది "దమ్" పద్ధతి. బిర్యానీకి వాడే మాటే ఇక్కడా వాడతారు. రెండవ దానిలో పాలు చిక్కబడి మీగడ తేలేదాకా మరుగుతూనే ఉంటాయి. అడిగినప్పుడు ముందు కప్పులో డికాషన్ పోసి, పైన చిక్కటి పాలు పోసి ఇస్తారు. అందువలన చాయ్ రంగు ఇటుక వన్నెలో ఉండి, నాలుక మీద కొంచెం కోవా రుచి తగులుతుంది.

ఒక చాయ్‌ని ఇద్దరు పంచుకోవడం ఇక్కడ చిన్నతనం కాదు. "వన్ బై టూ" అంటే రెండు కప్పులలో సగం సగం పోసి తెస్తారు. చెంచా నిలబడేటంత పంచదార పోసిన చాయ్‌ని "ఖడే చమ్చే కీ చాయ్" అని హాస్యంగా అంటారు. తీపి తక్కువ కావలసినవారు ముందే చెప్పి ప్రయోజనం లేదు. పంచదార డికాషన్‌లోనే కలిసి ఉంటుంది. మధుమేహం ఉన్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఈ వ్యాస రచయిత 1980లలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో స్నాతకోత్తర విద్యార్థిగా ఉన్నప్పుడు, ఒక్క చాయ్‌కి డబ్బు ఇచ్చి గంటన్నర సేపు నోట్సు రాసుకున్నా గల్లా మీది యజమాని లేవమని అనేవాడు కాదు. పాలరాతి బల్ల మీద పుస్తకం పెట్టుకొని కూర్చున్న విద్యార్థి, పక్కనే రిక్షా కార్మికుడు, ఎదురుగా కోర్టు గుమాస్తా. అందరికీ ఒకే కప్పు, ఒకే ధర. ఈ సమానత ఇరానీ హోటల్‌కు చాయ్ తెచ్చిపెట్టిన పేరు కంటే గొప్ప పేరు తెచ్చింది.

బిస్కట్లు, పఫ్‌లు

ఉస్మానియా బిస్కట్టు ఈ నగరపు గుర్తు. మైదా, వెన్న లేదా వనస్పతి, పాలు, పంచదార, కొద్దిగా ఉప్పు కలిపి చేసే ఈ గుండ్రని బిస్కట్టులో తీపి, ఉప్పు ఒకదాని వెంట ఒకటి తెలుస్తాయి. చివరి నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ (పాలన 1911-1948) పేరు దీనికి వచ్చింది. ఉస్మానియా ఆసుపత్రిలోని రోగులకు బలవర్ధకంగా పెట్టడానికి దీనిని మొదట తయారు చేశారని జనశ్రుతి. చాయ్‌లో ముంచినప్పుడు వెంటనే విరిగి అడుగున పడితే అందులో కొవ్వు పదార్థం తగ్గిందని, చాయ్‌ని పీల్చుకొని కూడా కాసేపు నిలిస్తే బిస్కట్టు మంచిదని పాతవారి పరీక్ష.

దీనితో పాటు నెలవంక ఆకారంలోని చాంద్ బిస్కట్టు, మెడకు కట్టే బో టై వలె మధ్యలో మెలి తిప్పిన టై బిస్కట్టు, పొరలు పొరలుగా విడిపోయే ఉప్పటి ఖారా, పైన పంచదార కరిగి గట్టిపడిన ఫైన్ బిస్కట్టు దొరుకుతాయి. ఫ్రూట్ బిస్కట్టులో కనిపించే రంగురంగుల ముక్కలు చూసి ఏదో అరుదైన పండు అనుకోవద్దు. అవి పంచదార పాకంలో నానబెట్టి రంగు వేసిన పచ్చి బొప్పాయి ముక్కలు. కొబ్బరి, టూటీ ఫ్రూటీ కూరి గుండ్రంగా కాల్చే దిల్‌ఖుష్ పిల్లలకు ఇష్టం. మీగడ గాని వెన్న గాని పూసిన బన్ను, చాయ్ కలిస్తే చాలామంది ఉద్యోగులకు ఉదయపు ఫలహారం పూర్తి అయినట్లే.

లఖ్మీ అనునది నలుచదరపు మాంసపు సమోసా. పూర్వం పెళ్ళి విందులలో మొదట వడ్డించేవారు; ఇప్పుడు కొన్ని బేకరీలలో, హోటళ్ళలో దొరుకుతుంది. లోపలి ఖీమా మేక మాంసమా, గొడ్డు మాంసమా అన్నది అడిగితే దాచకుండా చెబుతారు.

పఫ్ (కూరగాయలది, గుడ్డుది, కోడి మాంసానిది) గురించి కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది. మైదా పిండి పొరకు, పొరకు మధ్య కొవ్వు పూసి, మడత మీద మడత వేసి ఒత్తుతారు. వేడి బట్టీలోకి వెళ్ళగానే పిండిలోని తేమ ఆవిరై పొరలను పైకి లేపుతుంది; మధ్యలోని కొవ్వు ఆ పొరలను తిరిగి అతుక్కోనివ్వదు. ఈస్టు లేకుండానే పఫ్ పొంగడానికి కారణం ఇదే. కాని లోపలి ఉల్లిపాయ కూరలో తేమ ఉంటుంది. చల్లారిన కొద్దీ ఆ తేమ పొరలలోకి పాకి పఫ్ మెత్తబడుతుంది. కనుక పఫ్ ఆయుర్దాయం గంటలలో లెక్క. ఉదయం కాల్చిన పఫ్‌ను సాయంత్రం మైక్రోవేవ్‌లో వేడి చేసి ఇస్తే అది వేడిగా ఉంటుందే గాని కరకరలాడదు, పైగా తోలు వలె సాగుతుంది.

బట్టీ వేళలు

మంచి బేకరీని వెతకడంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇది. బేకరీలు రెండు రకాలు: సొంత బట్టీ ఉన్నవి, వేరే చోట కాల్చిన సరుకు తెచ్చి అమ్మేవి. రెండవ రకం చెడ్డదని కాదు; డబ్బాలో మూసి ఉంచిన బిస్కట్లు అక్కడ కొన్నా ఒకటే. కాని బ్రెడ్డు, బన్ను, పఫ్, నాన్ వంటివి మాత్రం కాల్చిన చోటనే కొనాలి. దుకాణం వెనుకకు వెళ్ళే సన్నని సందు, ఆ సందులో మైదా బస్తాలు, నల్లబడిన ఇనుప ట్రేలు కనిపిస్తే సొంత బట్టీ ఉన్నట్లు. కనిపించకపోతే "గరం మాల్ కబ్ నికల్తా?" అని గాని, "వేడి సరుకు ఎప్పుడు దిగుతుందండీ?" అని గాని గల్లా దగ్గర అడగండి. సొంత బట్టీ ఉన్నవాడు గడియారం చూసి చెబుతాడు. లేనివాడు "అంతా ఫ్రెష్షే" అంటాడు.

ఇటుకలతో కట్టిన పాత బట్టీ పనితీరు తెలిస్తే ఈ వేళలు సులభంగా అర్థమవుతాయి. కట్టెలు మండించి, ఇటుకలు బాగా వేడెక్కిన తరువాత నిప్పులు పక్కకు లాగి, ఆ నిలవ వేడితో కాలుస్తారు. వేడి ఎక్కువగా ఉన్నప్పుడు బ్రెడ్డు, బన్నులు. కొంత తగ్గాక బిస్కట్లు, కేకులు. బాగా తగ్గిన తరువాత రస్కులు ఆరబెడతారు. సాధారణంగా రాత్రి పిండి కలిపి, తెల్లవారుజామున బ్రెడ్డు దించుతారు. బళ్ళు, కార్యాలయాలు వదిలే వేళకు అందేటట్లు పఫ్‌లు మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల ప్రాంతంలో మరొకసారి దిగుతాయి. డీజిల్, గ్యాసు, విద్యుత్ ఓవెన్లు వచ్చాక ఏ వేళకైనా కాల్చగలుగుతున్నారు గాని, గిరాకీ వేళలు మారలేదు కాబట్టి ఈ క్రమం చాలావరకు అలాగే ఉన్నది.

రద్దీ కూడా ఒక కొలమానమే. అయితే కెమెరాలు పట్టుకొన్న రద్దీ వేరు, సంచి పట్టుకొని ఇంటికి బ్రెడ్డు కొనుక్కుపోయే రద్దీ వేరు. రెండవది ఉన్న చోట ట్రేలు త్వరగా ఖాళీ అవుతాయి, నిన్నటి సరుకు మిగలదు. అద్దాల బీరువాలో నలభై రకాల కేకులు అలంకరించి, కొనేవారు లేక ఈగలు వాలుతున్న దుకాణం కంటే, ఆరు రకాలే అమ్మి ఆరింటికల్లా "ఖతం" అనే దుకాణం మేలు.

ఏ ప్రాంతంలో ఏవి

చార్మినార్ పక్కన మక్కా మసీదు వైపు ఉన్న నిమ్రా కేఫ్ తెల్లవారుజామునే తెరుచుకుంటుంది. ఇక్కడ చాయ్‌తో పాటు అప్పుడే దిగిన ఉస్మానియా బిస్కట్లు దొరుకుతాయి. కూర్చోవడానికి చోటు వెతకకుండా నిలబడి తినడమే ఇక్కడి పద్ధతి. మెట్రో రైలులో వచ్చేవారు మహాత్మా గాంధీ బస్ స్టేషన్ వద్ద దిగి ఆటోలో గాని, ఓపిక ఉంటే మూసీ దాటి నడిచి గాని చార్మినార్ చేరవచ్చును.

నాంపల్లి, మొజంజాహీ మార్కెట్టు ప్రాంతం ఒక పూటకు సరిపోతుంది. నాంపల్లిలో సుభాన్ బేకరీ ఉస్మానియా బిస్కట్లకు, ఖారాకు ప్రసిద్ధి. దగ్గరలోనే మొజంజాహీ మార్కెట్టు, దాని ఎదుట కరాచీ బేకరీ. మార్కెట్టు భవనం 1935 నాటిది, చివరి నిజాము రెండవ కుమారుడు మొజంజా పేరు మీద కట్టినది. మరమ్మతులు చేసి 2020 ఆగస్టులో తిరిగి తెరిచారు. దాని ఆవరణలోని ఐస్‌క్రీము దుకాణాలు సీతాఫలం, మామిడి వంటి పండ్లతో ఆయా ఋతువులలో ఐస్‌క్రీము చేస్తాయి. మెట్రోలో నాంపల్లి, గాంధీ భవన్ స్టేషన్లు దీనికి దగ్గర.

లక్డీకాపుల్ దగ్గర రెడ్ హిల్స్‌లోని కేఫ్ నీలోఫర్ చాయ్‌కి, బన్నుకు పేరు పొందినది. పక్కనే ఉన్న పిల్లల ఆసుపత్రి పేరే దీనిదీ. ఆసుపత్రి బయట రాత్రంతా మేలుకొని ఉండే తల్లిదండ్రులకు చాయ్, బన్ను ఎంత ఆసరాయో అక్కడ ఒక రాత్రి గడిపినవారికి తెలుసు.

సికింద్రాబాదు రైల్వే స్టేషను ఎదుట ఆల్ఫా హోటల్ ఉన్నది. బండి దిగినవారు సామాను కాళ్ళ దగ్గర పెట్టుకొని చాయ్, బన్ను తిని బస్సు ఎక్కడం తరాలుగా సాగుతున్నది. నేడు బిర్యానీకి పేరుమోసిన ప్యారడైజ్ కూడా 1953లో ఒక సినిమా హాలులోని క్యాంటీనుగా మొదలైనదే.

పండుగల నాటి ప్రత్యేకాలు

మొహర్రం నెలలో "దమ్ కే రోట్" అను పెద్ద బిస్కట్లు వస్తాయి. రవ్వ, మైదా, నెయ్యి, పంచదార, బాదం, జీడిపప్పు కలిపి చేసే ఇవి బరువుగా, గుల్లగా ఉంటాయి. మ్రొక్కుగా రోట్‌ను అలంల వద్ద సమర్పించి పంచడం నగరంలో పాత ఆచారం. నాంపల్లి, పాతబస్తీ బేకరీల ముందు ఆ పది రోజులూ మతభేదం లేకుండా వరుసలు కనిపిస్తాయి.

రంజాన్ మాసంలో హలీం. గోధుమ, మాంసం, నెయ్యి, మసాలాలు గంటల తరబడి ఉడికించి కర్రలతో దంచి చేసే ఈ వంటకానికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. దేశంలో ఒక మాంసాహార వంటకానికి ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. ఈ మాసం చాంద్రమానం ప్రకారం ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. ఆ నెలలో పాతబస్తీలో అనేక హోటళ్ళు పగలు మూసి ఉండి, సాయంత్రం నుండి తెల్లవారేదాకా నడుస్తాయి. పగటిపూట అటు వెళ్ళేవారు ఈ విషయం చూసుకొని బయలుదేరాలి.

బండ్లు, చాట్, టిఫినులు

బేకరీ తిండి పడనివారికి టిఫిను బండ్లు ఉన్నవి. మొజంజాహీ మార్కెట్టు, నాంపల్లి ప్రాంతంలో తెల్లవారుజామున నిలిచే "రామ్ కీ బండీ" వెన్న దోసెకు ప్రసిద్ధి. రాత్రి బస్సులలో దిగినవారు, రాత్రి డ్యూటీ ముగించినవారు సూర్యోదయానికి ముందే అక్కడ చేరతారు. ఆబిడ్స్‌లోని తాజ్‌మహల్ హోటల్ శాకాహార టిఫినులకు పాతది. సాయంత్రం వేళ మిరపకాయ బజ్జీ, పునుగులు, కట్ మిర్చి ఏ కాలనీ మూలలోనైనా దొరుకుతాయి.

కోఠీలోని గోకుల్ చాట్ ఉత్తర భారతపు చాట్‌ను నగరానికి అలవాటు చేసిన దుకాణాలలో ఒకటి. 2007 ఆగస్టు 25 సాయంత్రం ఇక్కడ, లుంబినీ పార్కులో జరిగిన బాంబు పేలుళ్ళలో మొత్తం 42 మంది మరణించారు. మృతులలో విద్యార్థులు కూడా ఉన్నారు. దుకాణం తరువాత తిరిగి తెరుచుకొని నడుస్తున్నది.

అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, అశోక్‌నగర్‌లలో శిక్షణ కోసం నెలల తరబడి ఉండే విద్యార్థుల భోజనం చాలావరకు బండ్ల మీదనే. చేతిలో డబ్బు తక్కువైన రోజున నగరపాలక సంస్థ 2014లో మొదలుపెట్టిన ఐదు రూపాయల భోజన కేంద్రాలు ఉపయోగపడతాయి. ఇవి అన్నపూర్ణ క్యాంటీన్ల పేరుతో ప్రారంభమై 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లుగా మారాయి.

ఆరోగ్యం

ఈ వ్యాస రచయిత ఉపాధ్యాయుడిగా ఉన్న రోజులలో, ఒక వేసవి ఆరంభంలో నలభై మంది విద్యార్థులను నగర సందర్శనకు తీసుకువచ్చి, బస్సు ఆగిన చోట కనిపించిన ఒక దుకాణంలో అందరికీ క్రీము బన్నులు కొనిపెట్టడం జరిగింది. అద్దాల బీరువాలో దీపం వెలుగుతున్నది గాని చల్లదనం లేదు. ఆ తేడా అప్పుడు గమనించలేదు. సాలార్‌జంగ్ మ్యూజియం చూసి బయటకు వచ్చేసరికి పదకొండు మందికి వాంతులు పట్టుకున్నాయి. అందరూ మర్నాటికి కోలుకున్నారు. కాని వారి తల్లిదండ్రులకు సమాధానం చెప్పుకోవలసిన ఆ రాత్రి మరచిపోదగినది కాదు.

ఇటువంటి సంఘటనలకు తరచుగా కారణమయ్యేది స్టెఫైలోకాకస్ అను సూక్ష్మజీవి. ఇది మనుషుల చర్మం మీద, ముక్కులో సహజంగా ఉంటుంది. చేతుల ద్వారా క్రీములోకి చేరి, చల్లదనం లేనప్పుడు వేగంగా పెరిగి విషపదార్థాన్ని విడుదల చేస్తుంది. ఆ విషం తిరిగి వేడి చేసినా పోదు. తిన్న కొద్ది గంటలలోనే వాంతులు మొదలవుతాయి. కాబట్టి క్రీము ఉన్న ఏ పదార్థమైనా ముట్టుకుంటే చల్లగా తగలాలి. దీనికి భిన్నంగా, మరుగుతున్న చాయ్, బట్టీ నుండి దిగిన బిస్కట్టు ప్రయాణంలో ఉన్నవారికి నిశ్చింతగా తినదగినవి. బల్ల మీద పెట్టే నీళ్ళ గ్లాసు గురించి మాత్రం అదే మాట చెప్పలేము. పానీపూరీ నీటికి కూడా ఇదే వర్తిస్తుంది.

గుడ్డును ఉడికించకుండా చేసే మయొనీజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుండి ఒక సంవత్సరం పాటు నిషేధించింది. షవర్మా, మోమో దుకాణాలలో తిని పలువురు అస్వస్థులు కావడం దీనికి నేపథ్యం. బ్రెడ్డు తయారీలో వాడే పొటాషియం బ్రోమేటును దేశవ్యాప్తంగా 2016లోనే నిషేధించారు. నూనెలు, వనస్పతులలో ట్రాన్స్ కొవ్వు 2 శాతానికి మించరాదన్న నియమం 2022 జనవరి నుండి అమలులో ఉన్నది.

2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం పొట్లాలపై 14 అంకెల లైసెన్సు సంఖ్య, తయారీ తేదీ ఉండాలి. శాకాహారులు పచ్చ చుక్క గుర్తు చూసుకోవాలి. కేకులో గుడ్డు ఉన్నా అది మాంసాహార గుర్తు కిందకే వస్తుంది. విడిగా అమ్మే వాటిపై ఏ గుర్తూ ఉండదు; కూరగాయల పఫ్‌పై కూడా మెరుపు కోసం గుడ్డు సొన పూసే అలవాటు కొన్ని చోట్ల ఉన్నది. ఆచారం గట్టిగా పాటించేవారు అడిగి తీసుకోవడం మంచిది.

ఇంటికి తీసుకువెళ్ళడానికి

ఊరికి తీసుకుపోవడానికి తేమ తక్కువ ఉన్న ఉస్మానియా, ఫ్రూట్, టై బిస్కట్లు అనుకూలం. వేడిగా ఉన్నప్పుడు పొట్లం కట్టిస్తే ఆవిరి లోపలే నిలిచి మెత్తబడతాయి, కనుక పూర్తిగా చల్లారిన తరువాతనే డబ్బాలో పెట్టించుకోవాలి. బ్రెడ్డును ఫ్రిజ్‌లో పెడితే తాజాగా ఉంటుందన్నది అపోహ. ఉడికిన పిండి పదార్థం చల్లదనంలో త్వరగా తిరిగి గట్టిపడుతుంది. అందువలన బూజు పట్టకపోయినా బ్రెడ్డు బిరుసెక్కుతుంది. బయట ఉంచి రెండు రోజులలో తినడం, లేదా ముక్కలు కోసి గడ్డకట్టే అరలో పెట్టడం మేలు. పఫ్‌లు, క్రీము కేకులు రాత్రి ప్రయాణానికి పనికిరావు.

ప్రస్తుత పరిస్థితి

ఇరానీ హోటళ్ళ సంఖ్య తగ్గుతూ వస్తున్నది. కూడలిలోని మూల స్థలం ఒకప్పుడు ఎవరికీ అక్కరలేనిది. నేడు నగరంలో అన్నిటికంటే ఖరీదైనది అదే. ఒక చాయ్‌కి గంట సేపు కూర్చోనిచ్చే వ్యాపారం ఆ అద్దెను మోయలేదు. యజమానుల పిల్లలు వేరే వృత్తులలోకి వెళ్ళారు. రోడ్ల విస్తరణలో కొన్ని పోయాయి. మిగిలిన వాటిలో చాలావరకు కుర్చీలు తీసివేసి నిలబడి తాగే బల్లలు వేశాయి. ఇంకొకవైపు ఇరానీ చాయ్ అన్న బోర్డుతో కొత్త దుకాణాలు రాజమార్గాల పక్కన జిల్లాలలో కూడా వెలిశాయి. వాటిలో రెండు పాత్రల పద్ధతి పాటించేవి కొన్నే.

పాతబస్తీ మెట్రో మార్గం కోసం దారుల్‌షిఫా, పురానీ హవేలీ, శాలిబండ మీదుగా 2025 నుండి కట్టడాల తొలగింపు సాగుతున్నది. మున్షీ నాన్ వంటి పాత దుకాణాలు ఈ దారిలోనివే. ఆ వైపు వెళ్ళదలచినవారు దుకాణం ఏ చోటికి మారినదో ముందుగా స్థానికులను అడిగి తెలుసుకోవాలి.